నా బండి నేను చూసుకోకూడదా?

ప్రశ్న: పదకొండేళ్లుగా కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. ఐదుగురు మెకానిక్‌లు, పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు ఉన్నారు. పనితో ఇబ్బంది లేదు, ఇబ్బందంతా వచ్చేవాళ్లతోనే. గోడల నిండా బోర్డులు పెట్టాను, నేల మీద పసుపు గీత గీయించాను. అయినా తిన్నగా కార్లను పైకెత్తే లిఫ్టు కిందికి వచ్చేస్తారు. సిగరెట్టు కాలుస్తూ నిలబడతారు. పిల్లల్ని వదిలేస్తారు. పోయిన వారం మా కుర్రాడు ఇంజిన్ బెల్టు దగ్గర చెయ్యి పెట్టి ఉండగా ఒకాయన కారులో కూర్చుని, ఒకసారి చూద్దామంటూ స్టార్ట్ చేశాడు. వేళ్లు పోలేదు గానీ రెండింటికి కుట్లు పడ్డాయి. గట్టిగా అంటే "నా బండి నేను చూసుకోకూడదా?" అని మొహం ముడుచుకుని వేరే షెడ్డుకు పోతారు. బ్రేకులు అయిపోయాయి, నడపొద్దు అన్నా వినకుండా తీసుకుపోయేవాళ్లు ఇంకో రకం. వాళ్లను నొప్పించకుండా, మావాళ్లకు దెబ్బ తగలకుండా ఎలా నెట్టుకురావాలి? ఆయన మళ్లీ వస్తే ఏం చెయ్యాలి?

సమాధానం: ముందు ఆ కుర్రాడి సంగతి. కుట్లు విప్పాక అతను మళ్లీ పనిలోకి వచ్చినప్పుడు "నువ్వే చూసుకోవాలి కదరా" అని ఎవరూ అనకుండా చూడండి. పని నేర్చుకునే వయసులో ఆ మాట పడితే, ఇక దెబ్బ తగిలినా పైకి చెప్పడు. జరిగింది జరిగినట్టు అతని నోటితో ఒకసారి అందరి ముందూ చెప్పించండి. మీరు పక్కనే నిలబడండి. మీ షెడ్డులో ఏం మార్చుకోవాలో సగం అందులోనే తెలిసిపోతుంది.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆయన స్టార్ట్ చేశాడన్నారు. తాళం చెవి ఆయన చేతికి ఎలా వచ్చింది?

తప్పు ఆయనదే. కానీ ఆయన బుద్ధి మీ చేతిలో లేదు, తాళం చెవి ఉంది. ఇంజిన్‌లో ఎవరు చెయ్యి పెడుతున్నారో తాళం చెవి వాళ్ల జేబులోనే ఉండాలి. కారుకే వేలాడుతూ ఉండకూడదు, కౌంటర్ దగ్గర కొక్కేనికీ ఉండకూడదు. పెద్ద ఫ్యాక్టరీల్లో దీన్ని లాకౌట్ అంటారు. యంత్రంలోకి చెయ్యి పెట్టేవాడు కరెంటు స్విచ్చుకు తన సొంత తాళం వేసి, చెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. అతను బయటికి వచ్చి తీస్తే తప్ప ఆ యంత్రం తిరగదు. అమెరికాలో 1989లో దీన్ని ఫ్యాక్టరీలకు తప్పనిసరి నియమం చేశారు. "లోపల మనిషి ఉన్నాడు, స్విచ్ వెయ్యకండి" అని బోర్డు రాసినంత మాత్రాన ప్రాణాలు దక్కుతాయన్న భరోసా లేదు. మీ షెడ్డుకూ అదే వర్తిస్తుంది.

అయితే ఇప్పటి కార్లకు జేబు సరిపోదు. బటన్ నొక్కితే స్టార్టయ్యే కారుకు తాళం దగ్గరలో ఉంటే చాలు, ఎవరు నొక్కినా ఇంజిన్ తిరుగుతుంది. పైగా ఓనరు జేబులో రెండో తాళం ఉండవచ్చు. ఆ సంగతి ఆయనకే గుర్తుండదు. కాబట్టి మీకిచ్చిన తాళాన్ని కారుకు దూరంగా ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టె తాళం మెకానిక్ దగ్గర ఉంచండి. బెల్టు దగ్గరికి, ఫ్యాన్ దగ్గరికి చెయ్యి వెళ్లే ప్రతి పనికీ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఇంజిన్ వేడిగా ఉంటే రేడియేటర్ ఫ్యాన్ తాళం తీసేశాక కూడా దానంతటదే తిరగొచ్చు, దానికి ఎవరూ స్టార్ట్ చెయ్యక్కర్లేదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి మరీ వేరు. అవి నడిచే స్థితిలో ఉన్నా చప్పుడు చెయ్యవు. వాటిలో నారింజ రంగు కేబుళ్లలో వందల వోల్టులు ఉంటాయి. మామూలు బ్యాటరీ టెర్మినల్ తీసినంత మాత్రాన ఆ వోల్టేజీ పోయినట్టు కాదు. కంపెనీ చెప్పిన పద్ధతిలో విడదీసి, చెప్పినంతసేపు ఆగాలి. ఆ శిక్షణ లేనివాళ్లను, మీ మెకానిక్‌లనైనా సరే, వాటి దగ్గరికి పంపకండి.

ఇంతసేపు తాళం గురించే చెప్పానంటే కారణం ఉంది. మీరు అడిగింది మనుషుల్ని ఎలా వినేలా చెయ్యాలని. నా అనుభవంలో, వినకపోయినా దెబ్బ తగలని ఏర్పాటు ముందు చెయ్యాలి, చెప్పడం తర్వాత. ఒకప్పుడు కార్లను ముందువైపు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పి స్టార్ట్ చేసేవాళ్లు. ఇంజిన్ వెనక్కి తంతే మణికట్లు, దవడలు విరిగేవి. బొటనవేలు ఎలా పెట్టాలో, ఎటు నిలబడాలో ఎంత చెప్పినా విరుగుతూనే ఉండేవి. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ పెట్టాయి. హ్యాండిల్‌తో పాటే ఆ విరగడాలూ పోయాయి. భద్రత పని చేసేవాళ్లు దీన్నొక వరుసగా చెబుతారు. ప్రమాదాన్ని అసలు లేకుండా చెయ్యడం అన్నిటికన్నా పైన, మనిషికీ ప్రమాదానికీ మధ్య అడ్డు పెట్టడం ఆ తర్వాత, బోర్డులూ హెచ్చరికలూ బాగా కింద, చేతి తొడుగులూ కళ్లద్దాలూ అన్నిటికన్నా కింద. మీరు గోడల నిండా పెట్టినవి కింది మెట్టువి. వాటిని తీసెయ్యమనడం లేదు, తగ్గించమంటున్నాను. పదిహేను బోర్డులున్న గోడను ఎవరూ చదవరు. గేటు దగ్గర, కంటి ఎత్తులో మూడు చాలు, అక్షరాల కన్నా బొమ్మలే ఎక్కువగా. వద్దన్నదానికి ఎర్ర వలయం, అడ్డగీత. జాగ్రత్తకు పసుపు త్రికోణం. తప్పక చెయ్యాల్సినదానికి నీలం. ఈ రంగులు అంతర్జాతీయంగా ఒప్పుకున్నవి, చదువు రానివాళ్లకూ అర్థమవుతాయి.

ఇక ఆ మాట. "నా బండి నేను చూసుకోకూడదా?" దీన్ని మీరు పొగరుగా విన్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే విన్నాను. అది భయం. తనకు అర్థం కాని వస్తువును, తనకు చాలా విలువైన వస్తువును, తెలియని చేతుల్లో పెట్టాడు. మంచి సామాను తీసి పాతది వేస్తారేమో, చెయ్యని పనికి బిల్లు వేస్తారేమో అని అనుమానం. మీరు అలాంటివారు కాకపోవచ్చు, కానీ అంతకుముందు ఎక్కడో మోసపోయి ఉంటాడు. ఆ భయం తీరకుండా పసుపు గీత అవతల నిలబెడితే, మీరేదో దాస్తున్నారనే అనుకుంటాడు.

అందుకే చూడనివ్వండి. మీరు చెప్పిన చోటు నుంచి, మీరు చెప్పినప్పుడు. పని జరిగే చోటు కనిపించేలా కూర్చునే గదికి పెద్ద అద్దం పెట్టించగలిగితే అంతకన్నా మంచి ఖర్చు లేదు. అది కుదరకపోతే విప్పిన ప్రతి భాగాన్నీ ఆ కారు నంబరు రాసిన ట్రేలో వేసి ఉంచి, చివర్లో ఆయన చేతిలో పెట్టి చూపించండి. అరిగిన బ్రేకు ప్యాడు పక్కన కొత్తది పెడితే ఇక మీరు మాట్లాడనక్కర్లేదు. విప్పేటప్పుడు ఫోనులో రెండు ఫోటోలు తీసి పంపండి. లోపలికి వచ్చి చూస్తానని పట్టుబట్టేవాళ్లుంటే, కారు నేల మీదికి దిగి, ఇంజిన్ ఆగి, తాళం చెవి మెకానిక్ దగ్గరికి చేరాక, కళ్లద్దాలు ఇచ్చి మీరే వెంట తీసుకెళ్లి చూపించండి. ఇలా ఒకసారి చూసిన మనిషి రెండోసారి గీత దాటడం నేను చాలా అరుదుగా చూశాను.

అసలు లోపలికి వచ్చేవాళ్లలో చాలామంది చూడ్డానికి కూడా రారు. ఎంతసేపు పడుతుందో అడగడానికి వస్తారు, లేకపోతే కారులో మరిచిపోయిన బ్యాగు కోసం వస్తారు. మొదటిదానికి మందు సులువు. అరగంటకోసారి కౌంటర్ నుంచి ఎవరో ఒకరు వెళ్లి పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. ఏమీ చెప్పడానికి లేకపోతే ఏమీ లేదనే చెప్పాలి. రెండోది చాలా ప్రమాదకరం. లిఫ్టు మీద కారును నాలుగు ఇనుప చేతులు నాలుగు చోట్ల పట్టుకుని ఉంటాయి. ఇంజినో గేరుబాక్సో దించితే బరువు ఒక పక్కకు మారిపోతుంది. అప్పుడు తలుపు తీసి లోపలికి వంగే మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి తాళం తీసుకునేటప్పుడే "మీ సామానంతా తీసుకున్నారా?" అని అడగడమే కాదు, ఓనరుతో కలిసి సీట్లూ డిక్కీ చూసి, జాబ్ కార్డులో టిక్కు పెట్టండి. రెండు నిమిషాల పని. జాకీ మీద ఎత్తిన కారుకైతే స్టాండ్లు పెట్టకుండా ఎవరూ కిందికి దూరకూడదు, అది మీవాళ్లకు చెప్పాల్సిన మాట. లోపలి సీలు అరిగిన జాకీ ఒకోసారి మెల్లగా, ఒకోసారి ఒక్కసారిగా దిగిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైన కస్టమరు సాయం చేస్తానని వచ్చేవాడు. టార్చి పట్టుకుంటాడు, పానా అందిస్తాడు. మంచి మనిషి, కాదనాలంటే మనకే మొహమాటం. నా షెడ్డులో జరిగింది చెబుతాను. పొగలు కక్కుతూ వచ్చిన కారుకు బోనెట్ ఎత్తి, రేడియేటర్ మూత తియ్యొద్దు, చల్లారనివ్వాలి అని ఓనరుకు చెప్పి, నేను ఇంకో పని మీద పక్కకు వెళ్లాను. తిరిగొచ్చేలోగా ఆయన గుడ్డ చుట్టి మూత తిప్పాడు. నా పని తగ్గిద్దామని. మెడ నుంచి మోచేతి దాకా కాలింది. చెప్పాను కదా అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ బోనెట్ ఎత్తిన వేడి ఇంజిన్ దగ్గర ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్లింది నేనే. వద్దని చెప్పాను, ఎందుకు వద్దో చెప్పలేదు. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత బిగించిన రేడియేటర్‌లో ఒత్తిడి వల్ల కూలెంటు, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, 120 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉండగలదు. మూత తీసిన క్షణం ఆ ఒత్తిడి పోతుంది, లోపల ఉన్నది ఒక్కసారిగా ఆవిరై పైకి చిమ్ముతుంది. గుడ్డ ఏం ఆపుతుంది? ఈ రెండు మాటలు ఆ రోజు చెప్పి ఉంటే ఆయన ముట్టుకునేవాడు కాదని ఇప్పటికీ అనుకుంటాను. సాయం చేస్తాననే మనిషికి ఇప్పుడు నేను ఏదో ఒక పని ఇస్తాను, గీత అవతల. శబ్దం ఎప్పుడు, ఎంత వేగంలో మొదలైందో, ఎక్కడెక్కడ నూనె మరకలు పడ్డాయో గుర్తు తెచ్చుకుని రాసిమ్మంటాను. అది నిజంగానే మెకానిక్‌కు పనికొస్తుంది.

కారణం చెప్పాల్సింది ముఖ్యంగా కంటికి కనిపించని ప్రమాదాల దగ్గర. బరువైన కారు తల మీద ఉంటే ఎవరికైనా కాస్త బెరుకు ఉంటుంది. పెట్రోలు ఆవిరి దగ్గర ఉండదు. అది గాలి కన్నా బరువు, నేల వెంబడి పాకి, కారు కింద పని చెయ్యడానికి తవ్విన గుంటలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. సిగరెట్టు కాల్చే మనిషి ట్యాంకుకు దూరంగానే ఉన్నాననుకుంటాడు, అతని కాళ్ల దగ్గర ఉన్నది అతనికి తెలియదు. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది, బ్యాటరీ పగిలితే ఆమ్లం మొహాన పడుతుంది. మూసి ఉన్న షెడ్డులో తిరిగే ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. వెల్డింగు వెలుగు మరీ మోసం. చూస్తున్నంతసేపూ ఏమీ కాదు. కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు అర్ధరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. అప్పుడు మీ షెడ్డు గుర్తుకే రాదు. అందుకే "వెల్డింగు చూడకండి" అంటే నవ్వి ఊరుకుంటారు. "రాత్రికి కళ్లు తెరవలేరు సార్" అంటే తల తిప్పుకుంటారు. మీ మెకానిక్‌లందరికీ ఇలాంటి ఒక్కో వాక్యం నేర్పండి. వద్దు అనే మాటతో కాకుండా, ఏమవుతుందో చెప్పే మాటతో మొదలయ్యేలా.

ఇవన్నీ చేసినా గీత దాటేవాళ్లు ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే ఏర్పాటు. గీత దాటిన క్షణం పని ఆగిపోవాలి. మెకానిక్ పానా కింద పెట్టి, చేతులు బయటికి తీసి, ఆ మనిషి వైపు తిరిగి నిలబడాలి. కోపం అక్కర్లేదు, కేక అక్కర్లేదు. "మీరు అటు వెళ్లగానే మొదలుపెడతానండి" అంటే చాలు. తన కారు పని ఆగడం ఓనరుకు ఇష్టం ఉండదు, తనంతట తానే వెనక్కి వెళతాడు. వేరేవాళ్ల కారు దగ్గరికి వచ్చినా అంతే.

ఇది నిలవాలంటే రెండు సంగతులు మీ మీద ఉన్నాయి. పని ఆపిన మనిషిని మీరు ఎప్పుడూ తప్పు పట్టకూడదు. అతను అనవసరంగా ఆపాడని మీకు అనిపించినా, కస్టమరు ముందు మాత్రం అతని పక్షమే. పని నేర్చుకునే కుర్రాడు ఆపమన్నా సీనియర్ మెకానిక్ ఆపాలి. రెండోది ఇంకా కష్టం. మీ స్నేహితులు, మీ పాత కస్టమర్లు వచ్చినప్పుడు వాళ్ల భుజం మీద చెయ్యేసి లిఫ్టు కింద నిలబడి మాట్లాడతారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు, కానీ నేను చూసిన ప్రతి షెడ్డులోనూ గీతను మొదట చెరిపింది ఓనరే. ఒక్క మనిషిని మీరు లోపలికి తీసుకెళ్లిన రోజున మీ కుర్రాడు ఇంకెవరినీ ఆపలేడు. "ఆయన్ని పంపించారుగా" అంటారు. కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ పట్టుకునే మెకానిక్ కూడా ఇలాగే మీ మాటను పలచన చేస్తాడు. చిన్న గ్రైండర్ చక్రం నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. అది పగిలితే ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. వచ్చినవాళ్లు మీ బోర్డులు చూడరు, మీవాళ్లను చూస్తారు.

పిల్లల విషయంలో నచ్చజెప్పడాలు వద్దు. కూర్చునే గది దాటి లోపలికి ఒక్క అడుగు కూడా రానివ్వకండి, తల్లిదండ్రులు ఎత్తుకున్నా సరే.

బ్రేకులు అయిపోయిన కారును తీసుకుపోయేవాళ్ల గురించి. వాళ్ల వాదన ఎప్పుడూ ఒకటే, "పడుతున్నాయి కదా". నిజమే, షెడ్డు ముందు పడతాయి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక అది 155 దగ్గరికి పడిపోవచ్చు. పొడుగాటి దిగుడులో బ్రేకు మీద కాలు తియ్యకుండా వెళితే నూనె మరిగి లోపల బుడగలు వస్తాయి. బుడగలు నొక్కుకుపోతాయి గానీ ఒత్తిడిని చక్రం దాకా మొయ్యవు. పెడలు నేలకు తగులుతుంది, కారు ఆగదు. ఆ మనిషిని కూర్చోబెట్టి, అరిగిన ప్యాడు చేతిలో పెట్టి, ఇది చెప్పండి. తనకేం కాదు అనుకునేవాడు కూడా పక్క సీటులో ఎవరు కూర్చుంటారని అడిగితే ఆలోచిస్తాడు. ఇప్పుడు డబ్బు లేదన్నదే అసలు కారణమైతే, చాలాసార్లు అదే అవుతుంది, మిగతా పనులన్నీ పక్కన పెట్టి బ్రేకులు మాత్రం ముందు చెయ్యండి. ఏసీ పని తర్వాత చేసుకోవచ్చు, గీతలు పడ్డ రంగూ తర్వాత వేసుకోవచ్చు. అయినా వద్దంటే ఏం లోపముందో, ఏం చెప్పారో బిల్లు మీద స్పష్టంగా రాసి సంతకం తీసుకోండి, లారీ మీద వేసి పంపుతామని అడగండి. కారును ఆపే హక్కు మీకుందా అన్నది చోటును బట్టి మారే చట్టం, దాన్ని స్థానిక లాయరును ఒకసారి ముందే అడిగి ఉంచుకోండి. సంతకం మీకు రుజువు అవుతుంది, రోడ్డు మీద నడిచేవాళ్లకు రక్ష కాదు. అందుకని సంతకంతో మీ మనసు ఊరుకోనివ్వకండి, మర్నాడు ఫోను చెయ్యండి.

పని పూర్తయి కారు ఇచ్చేటప్పుడు చెప్పే జాగ్రత్తలూ ఇలాగే గాలికి పోతుంటాయి. బిల్లు కట్టే తొందరలో చెబితే ఎవరికీ ఎక్కదు. చక్రాలు విప్పి బిగించిన కారుకు 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ చూపించుకోవాలన్న మాటను కాగితం మీద రాసి స్టీరింగుకు తగిలించండి. కొత్త ప్యాడ్లు వేస్తే పెడలు గట్టిపడే దాకా మీ మెకానిక్కే నొక్కి ఇవ్వాలి, అది కస్టమరుకు వదిలే పని కాదు.

ఇక ఆయన. మళ్లీ వస్తే కారు తీసుకోండి, పని చెయ్యండి. కాకపోతే తాళం చెవి తీసుకునే ముందు లోపలి గదిలో కూర్చోబెట్టి, ఆ రోజు ఏమైందో మెల్లగా చెప్పండి. రెండు వేళ్లకు కుట్లు పడ్డాయని ఆయనకు తెలియకపోవచ్చు, ఇంజిన్ శబ్దం చూసుకుని సంతోషంగా వెళ్లిపోయి ఉంటాడు. కుర్రాడు ఒప్పుకుంటే అతన్నే మాట్లాడనివ్వండి. ఆ తర్వాత తాళం తీసుకుని, రెండో తాళం కూడా అడిగి తీసుకుని, రెండూ ఆ కుర్రాడి చేతికివ్వండి.